నల్ల ముసుగోడి సినిమాలు మూడు తరాలు కలిసి చూడాలంటే

మీ ఇంట్లో స్టార్ వార్స్, అంటే అంతరిక్షంలో నడిచే హాలీవుడ్ సినిమాల వరస, చూసేవాళ్లు ఒక్కరే ఉంటే ఇది చదవక్కర్లేదు, హాయిగా చూసుకోండి. ఇద్దరుండి, ఇద్దరికీ ఇరవై ఏళ్లు తేడా ఉంటే మాత్రం చదవండి.

మా ఇంట్లో ముగ్గురం. మా కాకకు 67, నాకు 43, మా బిడ్డకు 15. పోయిన దసరా సెలవులకు కాక హుజూరాబాద్ నుంచి హనుమకొండకు మా ఇంటికి వచ్చాడు. ప్రధాన కథలో సినిమాలు తొమ్మిది, బతుకమ్మ రోజులు తొమ్మిది. లెక్క భలే కుదిరిందని మా బిడ్డ చార్టు పేపర్ మీద టైంటేబుల్ రాసి ఫ్రిజ్‌కు అంటించింది. రాత్రి బతుకమ్మ ఆడి వచ్చి, కాళ్లు కడుక్కుని, తొమ్మిదిన్నరకు మొదలు. చివరికి ఎనిమిదే చూశాం. మధ్యలో ఒక రాత్రి మా కాక అన్నం తినకుండా పడుకున్నాడు. ఆ తప్పులు మీరు చేయకుండా ఉండాలనే ఇది రాస్తున్నాను.

మొదట అడగాల్సిన మాట

అందరూ "నీకు ఏ పార్ట్ ఇష్టం" అని మొదలుపెడతారు. ఆ ప్రశ్నతోనే గొడవ మొదలవుతుంది. "నువ్వు దేని మీద చూశావు?" అని అడగండి. తర్వాత "పక్కన ఎవరున్నారు?" అని, ఆ తర్వాత "తర్వాతిది చూడటానికి ఎన్ని రోజులు పట్టింది?" అని. ఈ మూడింటికీ జవాబు వచ్చాక ఎవరికి ఏది ఇష్టమో మీకే తెలిసిపోతుంది.

అమెరికాలో ఈ లెక్క సులువు. 1977, 1980, 1983లో వచ్చిన మొదటి మూడింటినీ థియేటర్లో చూసినవాళ్లు ఒక తరం. 1999, 2002, 2005లో వచ్చిన మూడింటితో పెరిగినవాళ్లు ఇంకో తరం. 2012లో డిస్నీ వీటిని తీసిన లూకాస్‌ఫిల్మ్ కంపెనీని 405 కోట్ల డాలర్లకు కొన్నాక, 2015 నుంచి వచ్చినవి చూసినవాళ్లు మూడో తరం. మన దగ్గర తరాలు అలా విడిపోలేదు. ఏ సినిమా ఎప్పుడు తీశారో మనకు తెలిసేది కాదు. ఏ మిషన్ ఇంట్లోకి వస్తే దాని వెంట వచ్చిందే చూశాం. అందుకే మన తరాల పేర్లు క్యాసెట్, సీడీ, ఫోన్.

మా కాకది క్యాసెట్. 1982లో దుబాయ్ పోయాడు. మా వైపు గల్ఫ్‌లో ఎక్కడికి పోయినా దుబాయే అంటాం, ఆయన ఉన్నది నిజానికి షార్జాలో. రూములో ఎనిమిది మంది. అందరూ కలిసి డబ్బులేసుకుని ఒక వీసీఆర్ కొన్నారు. శుక్రవారం సెలవు, ఆ రోజు క్యాసెట్లు కిరాయికి తెచ్చేవాళ్లు. అలా మొదటిది చూశాడు, కొన్ని నెలలకు రెండోది చూశాడు. మూడోది అడిగినప్పుడల్లా "వేరేవాళ్లు పట్టుకపోయిండ్రు" అనేవాడట షాపువాడు. 1989లో తిరిగొచ్చేదాకా అది దొరకనే లేదు.

నాకు అప్పుడు ఏడేళ్లు. ఎండాకాలం రాత్రి వాకిట్లో మంచాలు వేసుకుని పడుకుంటే కాక ఈ కథ చెప్పేవాడు. కథలో విలన్ డార్త్ వేడర్ మాకు నల్ల ముసుగోడు. రోబోలు ఇద్దరిలో ఒకటి డబ్బా, ఇంకోటి ఇత్తడి బిందె. చ్యూబాకా ఎలుగుబంటి. రెండో సినిమాలో నల్ల ముసుగోడు హీరోతో "నేనే నీ తండ్రిని" అంటాడు కదా. మూడో క్యాసెట్ చూడలేదు కాబట్టి ఆ మాట అబద్ధమని కాకే తేల్చేశాడు. ఆయన కథలో నల్ల ముసుగోడిని చివరకు ఎలుగుబంటి ఎత్తి బావిలో పడేస్తుంది. 1980 నుంచి 1983 దాకా అమెరికాలో కూడా చాలామంది ఆ మాట అబద్ధమే అనుకున్నారని పెద్దయ్యాక చదివాను. వాళ్లకు మూడేళ్లకు జవాబు వచ్చింది. మా కాకకు నలభై ఏళ్లు పట్టింది.

నాది సీడీ. 2000లో, డిగ్రీలో ఉన్నప్పుడు, అద్దె షాపు నుంచి తెచ్చిన వీసీడీ. ఒక్కో సినిమాకు రెండు డిస్కులు, మొదటిది అయిపోగానే లేచి మార్చాలి. నేను చూసిన మొదటిది 1999 నాటి సినిమా, అంటే కథ లెక్కన మొట్టమొదటిది. ఎవరో థియేటర్లో కెమెరా పెట్టి తీసిన ప్రింటు అది. మధ్యలో తెర మీదుగా ఒకాయన లేచి వెళ్లేవాడు, కాసేపటికి తిరిగొచ్చేవాడు. దాన్ని చూసి అమెరికాలో పెద్దవాళ్లు నెత్తి కొట్టుకున్నారట, పన్నుల గొడవేంది, ఆ చెవులోడి వెకిలి వేషాలేంది అని. నాకా సంగతే తెలియదు. రెండు వైపులా వెలిగే ఎర్ర కత్తి తిప్పినవాడిని చూసి డిస్క్ మార్చడం కూడా మర్చిపోయాను.

మా బిడ్డది ఫోన్. 2020 ఏప్రిల్‌లో, లాక్‌డౌన్ మొదలైన పదిరోజులకే, డిస్నీ ప్లస్ హాట్‌స్టార్ వచ్చింది. దానికి పదేళ్లు. ఆన్‌లైన్ క్లాసు కోసమని కొన్న ఫోన్‌లో స్టార్ వార్స్ కథల్లోదే అయిన మాండలోరియన్ సిరీస్ మొత్తం చూసేసింది, తర్వాత క్లోన్ వార్స్ అనే యానిమేషన్ సిరీస్ పట్టుకుంది. పక్కన ఎవరూ లేరు, చెవుల్లో ఇయర్‌ఫోన్స్. తర్వాతిది చూడటానికి ఎంతసేపు పట్టిందంటే, ఐదు సెకండ్లు. అదే మొదలైపోతుంది కదా. దానికి ఈ కథలో అసలు హీరో అసోకా అనే అమ్మాయి. పెద్ద సినిమాలన్నీ దానికి ఆ అమ్మాయి కథకు వెనకాముందు జరిగినవి, అంతే.

ఇప్పుడు ఈ ముగ్గురినీ ఒకే సోఫాలో కూర్చోబెట్టాలి.

ఏ వరసలో చూడాలి

మూడు పద్ధతులున్నాయి. కథ జరిగిన వరసలో ఒకటి నుంచి తొమ్మిది దాకా చూడటం ఒకటి. తీసిన వరసలో అంటే 4, 5, 6 (1977 నుంచి వచ్చిన మొదటి మూడు కథలో మధ్యవి), ఆ తర్వాత 1, 2, 3, ఆ తర్వాత 7, 8, 9 చూడటం రెండోది. కొందరు అభిమానులు 4, 5 చూసి, ఫ్లాష్‌బ్యాక్‌లా 2, 3 చూసి, వెనక్కి వచ్చి 6 చూస్తారు. తెలివైన పద్ధతే గానీ, పెద్దవాళ్లకు వివరించేసరికి సగం రాత్రి అయిపోతుంది.

తీసిన వరసే పట్టండి. నల్ల ముసుగోడే హీరో తండ్రి అనే రహస్యం పిల్లలకు ఎలాగూ తెలుసు, టీషర్టుల మీద కూడా ఉంది. కానీ ఇంట్లో దాన్ని మొదటిసారి తెలుసుకునే పెద్దమనిషి ఉంటే, కథ వరసలో చూపించి ఆ రహస్యం చంపేయకండి. ఇంకో కారణం కూడా ఉంది. ప్రతి సినిమా దాని ముందు వచ్చిన సినిమాలతో మాట్లాడుతుంది గానీ తర్వాత వచ్చేవాటితో మాట్లాడలేదు. 1977లో తీసినవాళ్లకు 1999లో ఏం తీస్తారో తెలియదు.

ఇది మా బిడ్డకు ఎక్కించడానికి చాలా కష్టపడ్డాను. మూడో భాగం చూస్తుంటే అది పదేపదే "అసోకా ఎక్కడమ్మా? తన గురువు ఇంత కష్టంలో ఉంటే ఆమె పేరైనా ఎత్తరేంటి?" అంటుంది. ఆ సినిమా వచ్చింది 2005లో. అసోకా పుట్టింది 2008లో, క్లోన్ వార్స్ కోసం. పెళ్లి ఆల్బమ్‌లో నేనెందుకు లేనని పిల్లలు ఏడ్చినట్టే ఇదీ. కాబట్టి ఒక పేపర్ మీద రెండు వరసలు రాసి టీవీ పక్కన పెట్టండి. ఎడమవైపు కథలో దాని నంబరు, కుడివైపు తీసిన సంవత్సరం. "ఇది ఎందుకు లేదు" అని పిల్లలు అడిగితే కుడివైపు చూపించండి. "వీడెవడు, ఇదేం వెనకది ముందా" అని పెద్దలు అడిగితే ఎడమవైపు చూపించండి. మా ఇంట్లో బాగా పనికొచ్చింది ఈ ఒక్క పేపరే.

"అప్పట్ల గిట్ల లేకుండె" అంటే నమ్మండి

ఇది కాస్త వివరంగా చెప్పాలి.

మొదటి రోజు, ఎంగిలిపూల బతుకమ్మ. వేయిస్తంభాల గుడి దగ్గర జనంలో నుంచి బయటపడి ఇంటికొచ్చేసరికే పది. 1977 సినిమా పెట్టాం. ఓడ నడిపే హాన్ సోలో హోటల్లో కూర్చుంటాడు, ఎదురుగా అప్పు వసూలుకొచ్చిన పచ్చటివాడు తుపాకి పట్టుకుని ఉంటాడు. ఇద్దరూ కాల్చుకుంటారు, పచ్చటివాడు చస్తాడు.

"ఆపు బిడ్డా జర," అన్నాడు కాక. "వాడు కాల్చలే. ఈయనే బల్లకింది నుంచి ఒక్కటి పీకిండు. వాడు మాట పూర్తి చేయకముందే."

"లేదు తాతా, ఇప్పుడే చూసినం కదా. నలభై ఏండ్లయింది, నువ్వు మర్చిపోయినవ్," అని నవ్వింది మా బిడ్డ.

కాక ఏమీ అనలేదు. ఇంకో పది నిమిషాలకు, ఓడ దగ్గర పెద్ద జలగలాంటివాడు వచ్చి హాన్ సోలోతో మాట్లాడుతుంటే మళ్లీ అన్నాడు. "ఈ జలగోడు కూడ లేడు."

నేను కూడా మతిమరుపే అనుకున్నాను. ఒప్పుకోవడానికి సిగ్గుగానే ఉంది. ఆ రాత్రి పడుకునేముందు వెతికితే రెండింటిలోనూ కాక మాటే నిజం. 1977లో తెర మీద కాల్చింది హాన్ సోలో ఒక్కడే. 1997లో దర్శకుడు జార్జ్ లూకాస్ సినిమాను కొత్త హంగులతో మళ్లీ విడుదల చేసినప్పుడు పచ్చటివాడు ముందు కాల్చినట్టు మార్చాడు. 2004 డీవీడీలో ఇద్దరూ దాదాపు ఒకేసారి కాలుస్తారు. 2019లో డిస్నీ ప్లస్‌లోకి వచ్చినప్పుడు ఆ సీను ఇంకోసారి మారింది. జలగోడి సీనేమో 1977కు ముందు ఒక మామూలు నటుడిని పెట్టి తీసి, కత్తిరించి పక్కన పడేసింది. ఆ నటుడి మీద కంప్యూటర్ బొమ్మ వేసి 1997లో చేర్చారు. మా కాక షార్జాలో చూసిన సినిమా, ఇప్పుడు మన యాప్‌లో ఉన్న సినిమా పేరుకే ఒకటి.

పొద్దున్నే మా బిడ్డకు చూపించాను. అది కాసేపు ఆలోచించి, "అంటే తాత దగ్గర ఉన్నదే ఒరిజినలా?" అంది. ఆ రోజు నుంచి ప్రతి సీనుకూ "ఇది అప్పుడుండెనా తాతా?" అని అడగడం మొదలుపెట్టింది. కాక దర్జా చూడాలి అప్పుడు.

నా వంతు మూడో రోజు వచ్చింది. 1983 సినిమా చివర నల్ల ముసుగోడు చనిపోయాక ఆత్మగా కనిపిస్తాడు. నేను సీడీలో చూసినప్పుడు అక్కడ ఉన్నది ఒక ముసలాయన. ఇప్పుడు చూస్తే కుర్రాడు నిలబడ్డాడు. 2004లో మార్చారట, 1999 తర్వాత వచ్చిన సినిమాల్లో ఆ పాత్ర వేసిన కుర్రాడి ముఖం పెట్టి. మా బిడ్డకు అది చాలా సహజంగా ఉంది, దానికి తెలిసిన అనకిన్ (ముసుగు వేసుకోకముందు నల్ల ముసుగోడి పేరు) వాడే కదా. నాకు మాత్రం ఇంట్లోని పాత ఫొటో ఎవరో తీసేసి వేరేది పెట్టినట్టు అనిపించింది.

అయితే పాతదే గొప్ప అని కూడా అనడానికి లేదు. కాక చూసిన క్యాసెట్‌లో బొమ్మ పూర్తిగా లేదు. సినిమా తెర వెడల్పు ఎత్తుకు 2.35 రెట్లు, అప్పటి టీవీది 1.33 రెట్లు. టీవీ నిండాలని పక్కలు కోసేసేవాళ్లు. లెక్క కడితే నూటికి నలభై వంతులకు పైగానే బొమ్మ పోయింది. (నేను జూనియర్ కాలేజీలో ఫిజిక్స్ చెప్తాను, ఇలాంటి లెక్క దొరికితే వదలను.) రెండు సూర్యుళ్లు కుంగే సీనులో కాక తెరను ఈ చివరి నుంచి ఆ చివరికి చూసి "గింత జాగ ఉన్నదా ఆడ!" అన్నాడు. కాబట్టి రెండు వైపులా చెప్పండి. పెద్దవాళ్లకు గుర్తున్నది నిజమే కావచ్చు, పిల్లలు చూస్తున్నది నిండుగా ఉండొచ్చు.

భాష, బ్రేకులు, తిండి

కాకకు దుబాయ్ ఇంగ్లిష్ వచ్చు గానీ సబ్‌టైటిల్స్ చదివేలోపే వెళ్లిపోతాయి, కళ్లజోడు కూడా మార్చాలి. యాప్‌లో ఏ భాషల్లో ఆడియో ఉందో సినిమా సినిమాకు మారుతుంది, పగలే చూసి పెట్టుకోండి. రాత్రి అందరూ కూర్చున్నాక సెట్టింగుల్లో వెతుకుతుంటే సగం మందికి నిద్రొస్తుంది. మా ఇంట్లో మా బిడ్డే బుర్రకథలో వంతలా పక్కన కూర్చుని చెప్పేది. మొదటిరోజు బడిలో పాఠం అప్పజెప్పినట్టు చెప్పింది. నాలుగో రోజుకు "తాతా, ఇప్పుడు ఇత్తడి బిందె సణుగుతున్నది చూడు" అనేదాకా వచ్చింది.

గంట దాటాక ఒకసారి ఆపాల్సిందే. పెద్దవాళ్లు ఆపమని అడగరు, ఓర్చుకుని కూర్చుంటారు. మీరే టీ పెట్టే వంకతో ఆపండి. సర్వపిండి సినిమాకు మంచి తోడు, చేతికి నూనె తక్కువ అంటుతుంది కాబట్టి రిమోట్ బతుకుతుంది. సినిమా నడుస్తుండగా ఫోన్ తీసి వికీలో వెతకడం మాత్రం ఎవరికీ వద్దు, నాకు కూడా. బ్రేకులో వెతకండి. అంతరిక్షంలో చప్పుడు వినిపించదని ఫిజిక్స్ టీచర్లు ఎవరైనా చెప్పబోతే ఆపేయండి. నేను చెప్పబోతే కాక "చప్పుడు లేకుంటె బతుకమ్మ కూడ నడ్వది బిడ్డా" అన్నాడు.

అలిగిన బతుకమ్మ

ఐదో రోజు 2002లో వచ్చిన సినిమా. పేరుకు రెండో భాగం. అందరూ అనుకునేదే నేనూ అంటాను, మొత్తంలో నీరసమైనది ఇదే. కుర్రవాడైన అనకిన్ ప్రేమలో పడతాడు, ఆ అమ్మాయితో తనకు ఇసుక నచ్చదని చెప్తాడు, గరుకుగా ఉంటుందట, ఎక్కడపడితే అక్కడ దూరుతుందట.

కాక లేచి కూర్చున్నాడు. "వీడా? వీడేనా నల్ల ముసుగోడు? ఇసుక నచ్చదంటనా? ఏడేండ్లు ఇసుకల ఉన్న నేను, ఇసుకల తిన్న, ఇసుకల పన్న, నేనేమన్నన్నా?"

నాకు నవ్వాగలేదు. మా బిడ్డకు మాత్రం కోపం వచ్చింది. అనకిన్ దానికి అసోకా గురువు, ఏళ్ల తరబడి ఆ మనిషిలోని మంచిని చూసింది. "నీకు అర్థం కాదు తాతా. నువ్వు నీ పాతవే చూస్కో," అంది.

కాక మాట్లాడకుండా లేచి వెళ్లి పడుకున్నాడు. అన్నం వద్దన్నాడు. మర్నాడు ఆరో రోజు, అలిగిన బతుకమ్మ. ఆ రోజు ఎవరూ బతుకమ్మ ఆడరు కదా, మా ఇంట్లో సినిమా కూడా లేదు.

ఇక్కడ మూడు సంగతులు పట్టుకోండి. మొదటిది, "నీకు అర్థం కాదు" అనే మాట. దీన్ని పిల్లలు పెద్దలతో అంటారు, పెద్దలు "మీ కాలపోళ్లకు ఓపిక లేదు" అని తిప్పి అంటారు. రెండూ ఒకటే. మీ ఇంట్లో ఈ మాట అన్నవాళ్లు మర్నాడు గిన్నెలు తోమాలని ముందే చెప్పి పెట్టండి. మేం ఆలస్యంగా పెట్టాం ఆ రూలు.

రెండోది, సినిమాను ఎంతైనా తిట్టొచ్చు, అందులో వేసిన మనిషిని తిట్టొద్దు. ఊరికే అనడం లేదు. 1999 సినిమాలో ఆ చెవులోడు, జార్ జార్ వేషం వేసిన అహ్మద్ బెస్ట్ మీద పెద్దవాళ్లయిన అభిమానులు ఎంత విరుచుకుపడ్డారంటే, చచ్చిపోదామనుకున్నానని 2018లో ఆయనే బయటపెట్టాడు. అదే ఏడాది కెల్లీ మేరీ ట్రాన్ అనే నటి వేధింపులు భరించలేక ఇన్‌స్టాగ్రామ్‌లో పోస్టులన్నీ తీసేసింది. హీరోల పేరు చెప్పి కొట్టుకోవడంలో మనమేం తక్కువ తినలేదు గానీ, కనీసం ఇంట్లో పిల్లల ముందు వద్దు. 2023లో మాండలోరియన్‌లో అహ్మద్ బెస్ట్ జెడై, అంటే వెలిగే కత్తి పట్టే వీరుడి, వేషంలో వచ్చి ఆ సిరీస్‌లోని పసివాడిని కాపాడతాడు. 1999లో చిన్నపిల్లలుగా ఉన్నవాళ్లు అప్పటికి పెద్దవాళ్లయి ఆయనకు చప్పట్లు కొట్టారు. ఆ చప్పట్లలో నావి కూడా ఉన్నాయి.

మూడోది, అలక తీర్చే పద్ధతి. వాదించి గెలవలేరు. మా బిడ్డ ఏం చేసిందంటే, ఆరో రోజు సాయంత్రం కాక పక్కన కూర్చుని, "తాతా, నీ కథల నల్ల ముసుగోడు ఎట్ల సచ్చిండు? అమ్మ ఏదో బావి అంటది," అని అడిగింది. కాక మొదట పలకలేదు. తర్వాత చెప్పాడు. ఎలుగుబంటి, బావి, అన్నీ. మూడో రోజే అసలు ముగింపు చూసేశాడు కదా, అందులోనూ ఒకడిని ఎత్తి లోతైన గొయ్యిలో పడేస్తారు, కాకపోతే ఎత్తినవాడు నల్ల ముసుగోడే. "బావి సంగతి కరెక్టే చెప్పినవు తాతా," అంది మా బిడ్డ. ఏడో రోజు మూడో భాగం చూశాం. కాకకు అది నచ్చింది. ఏడుపు ఎక్కువైందన్నాడు, కానీ మంటల సీనులో టీ కప్పు చేతిలోనే చల్లారిపోయింది.

వయసును బట్టి లెక్క వేయకండి

ఇదంతా చదివి ముసలివాళ్లకు పాతవి, పిల్లలకు కొత్తవి నచ్చుతాయని అనుకుంటే పప్పులో కాలేసినట్టే. 2017లో వచ్చిన ఎనిమిదో సినిమాలో, మొదటి మూడు సినిమాల హీరో, చిన్నప్పుడు వీరుడైన లూక్ ఇప్పుడు గడ్డం పెరిగి, లోకంతో విసిగి, ఒక దీవిలో ఒక్కడే ఉంటాడు. అమ్మాయి వచ్చి కత్తి చేతికిస్తే భుజం మీదుగా వెనక్కి విసిరేస్తాడు. పాత అభిమానులు చాలామంది మా హీరోను పాడు చేశారని మండిపడింది దీని మీదే. అందుకే నేను కాకకు అది చూపించాలా వద్దా అని తటపటాయించాను.

సద్దుల బతుకమ్మ రాత్రి ఇంటికొచ్చేసరికి అర్ధరాత్రి, ఆ రోజు కుదరలేదు. దసరా ముందురోజు చూశాం. కత్తి విసిరేసినప్పుడు మా బిడ్డ "ఛీ" అంది. కాక తొడ మీద కొట్టుకుని నవ్వాడు. "గట్లనే ఉంటది బిడ్డా. పోరగాండ్లు అచ్చి లెవ్వుమంటె లేస్తమా?" మొత్తం ఎనిమిదింట్లో ఆయనకు నచ్చింది అదేనట. మా బిడ్డకు అస్సలు నచ్చలేదు. నేను మధ్యలో ఉన్నాను, అలవాటే. తొమ్మిదోది చూడకముందే కాక పొలం పనుందని బస్సెక్కాడు. దాని గురించి పెద్దగా బెంగపడలేదు నేను.

వేరే సిరీస్ అయితే

మీ ఇంట్లో పిచ్చి ఇంకో దాని మీద ఉంటే పద్ధతి కొద్దిగా మార్చుకోండి. స్టార్ ట్రెక్ 1966లో టీవీలో మొదలైంది, మొదటి సిరీస్ 79 ఎపిసోడ్లు. 1987లో కొత్త మనుషులతో ఇంకో సిరీస్ పెట్టారు. అన్నీ చూడాలని కూర్చోకండి, ఒక్కొక్కరు తమకు నచ్చిన ఒక్క ఎపిసోడ్ తెచ్చుకుని వంతులవారీగా చూపించాలి. డాక్టర్ హూ 1963 నుంచి ఉంది. అందులో హీరో చావుబతుకుల్లో ఉన్నప్పుడల్లా కొత్త మనిషిగా మారిపోతాడు, 1966లో మొదటి నటుడికి ఆరోగ్యం బాగోలేక కనిపెట్టిన ఉపాయం అది. దాంతో ప్రతి తరానికీ సొంత హీరో ఉంటాడు, గొడవ దానంతటదే తక్కువ. కొత్తవాళ్లు 2005 నుంచి మొదలుపెట్టొచ్చు. 1960ల ఎపిసోడ్లు తొంభైకి పైగా ఎలాగూ దొరకవు, టేపులు చెరిపేశారు. జురాసిక్ పార్క్ ఉన్న ఇల్లు అదృష్టవంతుల ఇల్లు, డైనోసార్ అరుపుకు అనువాదం అక్కర్లేదు.

ఇవేవీ తెలియని పెద్దవాళ్లయితే ఆదిత్య 369తో మొదలుపెట్టండి. 1991లో సింగీతం శ్రీనివాసరావు తీసింది, 2025లో మళ్లీ థియేటర్లకు కూడా వచ్చింది. టైమ్ మిషన్ ఎక్కి కృష్ణదేవరాయల దగ్గరికి పోతారు. మా అమ్మ ఈ జాబితా మొత్తంలో చూసింది అదొక్కటే.

కాక ఊరెళ్లిన వారానికి ఫోన్ చేశాడు. నాకు కాదు, మా బిడ్డకు. "ఆ అసోకా పోరి కథ ఎండ్ల ఉంటది?" అని అడిగాడు. క్లోన్ వార్స్ అని చెప్పి, 133 ఎపిసోడ్లని చెప్పింది.

"నూటముప్పై మూడా? నాతోని కాదు. నువ్వే చెప్పు, నేను ఇంట."

ఇప్పుడు రోజూ రాత్రి ఎనిమిదిన్నరకు స్పీకర్ పెట్టి చెప్తుంది. నేను వంటింట్లో రొట్టెలు చేస్తూ వింటుంటాను. మొన్న ఒక యుద్ధం గురించి చెప్పింది, అసోకా ఒక్కతే నలభై రోబోలను నరికేసిందని. ఆ ఎపిసోడ్ నేను చూశాను. అందులో అలా లేదు. నేనేమీ అనలేదు, రొట్టె తిరగేశాను.